బిల్లు కొడితే లెక్క రాసినట్టేనా? యాప్‌లో అకౌంటింగ్ సేవ: అపోహలు - వాస్తవాలు

"యాప్‌లోనే అకౌంటెంట్ ఉన్నాడు కదన్నా, ఇంక నాకేం పని?" ఈ వారంలో ఈ మాట వినడం మూడోసారి. కర్నూలు వన్‌టౌన్‌లో ఒక చిన్న ఆఫీసులో నేను చేసే పని ఇదే. బిల్లింగ్ యాప్ కంపెనీ తన కస్టమర్ల లెక్కలు మాకు అప్పగిస్తుంది. షాపాయనకు ఫోన్‌లో కనిపించేది యాప్ పేరు, ఎంట్రీలు వేసేది మేం.

అపోహ: బిల్లు కొడితే లెక్కలు వాటంతటవే తయారవుతాయి.

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కొంచెం ఓపిక పట్టండి. మీరు యాప్‌లో కొట్టేది అమ్మకం బిల్లు. అది సగం లెక్క. కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, గల్లాలోంచి తీసి హమాలీకిచ్చిన 300, ఇంటి ఖర్చుకు పట్టుకెళ్లిన 5,000... ఇవి మీరు పంపితేనే మాకు తెలుస్తాయి.

"అన్నీ 2బీలో వస్తాయి కదా" అంటారు కాస్త తెలిసినవాళ్లు. 2బీ అంటే మీ కొనుగోళ్ల మీద పడిన పన్ను వివరాలతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక. సప్లయర్ తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో మీ జీఎస్టీ నంబరు మీద చూపిస్తేనే అందులోకి వస్తాయి. నిరుడు ఒక ఎలక్ట్రికల్ షాపాయన హైదరాబాద్ నుంచి లక్షన్నర సరుకు తెచ్చాడు. 18 శాతం లెక్కన 27,000 పన్ను. డీలర్ దగ్గర ఎవరో ఆ మూడు బిల్లులనూ జీఎస్టీ నంబరు లేని కస్టమర్ల కింద వేసేశారు. బిల్లులు మాకు అందివుంటే, పుస్తకంలో ఉండి 2బీలో లేవని ఆ నెలే తేలేది, డీలర్‌తో సవరణ చేయించేవాళ్లం. అవేమో షాపులో లక్ష్మీదేవి పటం వెనక ఉన్నాయి. ఆర్థిక సంవత్సరం ముగిశాక ఆ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకునే హక్కు, తీసుకోవడానికి ఎంత ఆలస్యమైనా నవంబర్ 30 దాటకూడదు. ఆయన డిసెంబర్‌లో పటం దులిపాడు.

"మీరు అడగొద్దా?" అని కోప్పడ్డాడు. యాప్ చాట్‌లో నాలుగుసార్లు అడిగాం. ఆఫర్ మెసేజ్ అనుకుని తెరవలేదట. అందులో యాప్ తప్పు కూడా ఉంది. ఆఫర్లూ మా మెసేజ్‌లూ ఒకేచోట పడేస్తే పాపం ఎవరు చూస్తారు?

మా నాన్న ఒక బట్టల కొట్లో గుమాస్తా. షట్టర్ వేసే ముందు చిట్టా ముందేసుకుని సేటును "ఈ 200 దేనికి?" అని అడిగేవాడు. సేటు విసుక్కునేవాడు కానీ జవాబు చెప్పేవాడు. మేం అడిగేదీ ఆ ప్రశ్నే.

అపోహ: జీఎస్టీ రిటర్న్ ఆలస్యమైతే ఫీజు యాప్‌వాళ్లే కట్టుకోవాలి.

చట్టం ముందు రిటర్న్ మీది. లేటు ఫీజు రోజుకు 50, లావాదేవీలేమీ లేని నిల్ రిటర్న్ అయితే 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. కంపెనీ ఏమైనా భరిస్తుందా అన్నది మీరు చదవకుండా 'ఓకే' నొక్కిన ఒప్పందంలో ఉంటుంది. ఇంకోటి, జీఎస్టీ పోర్టల్‌లో ఎవరి మొబైల్ నంబరు ఉందో ఇవాళే చూసుకోండి. రిజిస్ట్రేషన్ చేయించినాయన తన నంబరు ఇచ్చుంటే ఓటీపీలూ నోటీసు కబుర్లూ ఆయనకే పోతాయి.

అపోహ: యాప్‌లో రాస్తే పన్నుల డిపార్ట్‌మెంట్‌కు తెలిసిపోతుంది.

2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చారు. అప్పట్నుంచి అనంతపురం వైపు నుంచి ఇవే ఫోన్లు. వాట్సాప్‌లో తిరిగే ఆడియోలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. కర్రీ పాయింట్ నడిపే ఒకామెకైతే టెన్షన్‌తో మాట రాలేదు. ఆ వివరాలు యూపీఐ సంస్థల నుంచి తీసుకున్నవమ్మా, బిల్లింగ్ యాప్ నుంచి కాదు అని చెప్పాను. మీ చిట్టా దానంతటది ఎక్కడికీ పోదు. రిటర్న్‌లో, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులో, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే ఈ-ఇన్‌వాయిస్‌లో ఇచ్చిందే పోతుంది. ఇద్దరం కూర్చుని మూడు నెలల స్టేట్‌మెంట్ చూస్తే, వచ్చినదాంట్లో చాలా వరకు చీటీ డబ్బులు, తమ్ముడు పంపిన చేబదులు. అమ్మకం ఏదో, ఏది కాదో విడదీసి రాసుకుంటే నోటీసు వచ్చినా చూపించుకోవచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. యాప్ ఉంటే సీఏ అక్కర్లేదా? ఎంట్రీలు వేరు, ఆడిట్ సంతకం వేరు. చందా ఆపేస్తారా? ముందే డేటా దించుకోండి, జీఎస్టీ పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. అకౌంటెంట్ ఎక్కడో బెంగళూరులో ఉంటాడా? మొన్న కడప నుంచి ఒకాయన "సార్, మీ మాట మన సీమ మాటలా ఉందే" అన్నాడు. కర్నూలు అంటే నమ్మలేదు. కిందికి దిగి కొండారెడ్డి బురుజు ఫోటో తీసి పంపాను. రెండు నెలలుగా అడుగుతున్న కొనుగోలు బిల్లులు పదకొండూ ఆ రాత్రే వచ్చాయి.