సముద్రం అడుక్కి రాలే తిండి: ఒక వెతుకులాట కథ

సముద్రంలో 200 మీటర్లు దిగితే వెలుతురు దాదాపు అయిపోయినట్టే. సముద్రం సగటు లోతేమో 3,700 మీటర్ల దాకా ఉంటుంది. అంటే అందులో ఎక్కువ భాగం చీకటే. చీకట్లో నాచు కూడా పెరగదు. మరి అక్కడున్న పీతలు, సముద్ర దోసకాయలు, పురుగులు ఏం తిని బతుకుతున్నాయి? సులువుగా కనిపించే ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి వందేళ్ల పైనే పట్టింది.

మొదట్లో అసలు ఈ ప్రశ్నే లేదు. 1841లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బీకన్ అనే ఓడ మీద ఏజియన్ సముద్రానికి వెళ్లి అడుగు గోకి చూశాడు. లోతు పెరిగేకొద్దీ జీవులు తగ్గుతూ వచ్చాయి. ఆ లెక్కనే ముందుకు సాగదీసి, సుమారు 550 మీటర్ల కింద ప్రాణమే ఉండదని తేల్చాడు. గోకింది ఒక్క సముద్రం, తీర్పు మాత్రం అన్ని సముద్రాలకూ! 1860లో మధ్యధరా సముద్రంలో తెగిన టెలిగ్రాఫ్ కేబుల్‌ను పైకి లాగితే, రెండు కిలోమీటర్ల లోతున ఉన్న ముక్కకు జీవులు అతుక్కుని వచ్చాయి. ఇక అక్కడ ప్రాణం లేదనడానికి వీల్లేకపోయింది.

అప్పుడు మొదలైంది తిండి మీద టెన్షన్. 1868లో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ సీసాలో దాచిన అట్లాంటిక్ బురదలో ఒక జిగురు చూసి, అది సముద్రం అడుగంతా పరుచుకున్న ఆదిమ జీవపదార్థం అన్నాడు. దానికి బాథిబియస్ అని పేరు కూడా పెట్టాడు. అడుగునున్న జీవులకు ప్రకృతే జావ కాచి పోసిందన్నమాట. తర్వాత సముద్రాలను పరిశోధించడానికి బయల్దేరిన చాలెంజర్ అనే ఓడ మీద వెళ్లిన కెమిస్టు బుకానన్ అసలు సంగతి బయటపెట్టాడు. బురదను నిల్వ చేయడానికి పోసిన ఆల్కహాల్ సముద్రపు నీటిలోని కాల్షియం సల్ఫేట్‌ను ముద్దకట్టించింది, అంతే. హక్స్‌లీ 1875లో తన పొరపాటును ఒప్పుకున్నాడు. ఇంత పెద్ద పేరున్న మనిషి అలా ఒప్పుకోవడం ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం.

చాలెంజర్ యాత్ర 1872 నుంచి 1876 దాకా సాగింది. పై నీళ్లలో బతికే సూక్ష్మజీవుల గుల్లలే అడుగు బురదలో కుప్పలుగా ఉన్నాయని అది చూపించింది. ఏవో పైనుంచి రాలుతున్నాయి, సరే. కానీ కంటికి ఆనని ఒక్కో కణం విడిగా దిగాలంటే నెలలు, ఏళ్లు పడుతుంది. ఆలోపు కుళ్లి కరిగిపోవాలి. చిన్న జీవుల మలం గుళికల్లో చిక్కుకుని ఇవి త్వరగా దిగుతుండవచ్చని 1908లో హాన్స్ లోమాన్ అనే శాస్త్రవేత్త ఊహించాడు. ఆ ఊహ చాలా ఏళ్లు అలాగే పడి ఉంది.

1950ల మొదట్లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన సుజుకి, కాటో అనే ఇద్దరు కురోషియో అనే మునక యంత్రంలో దిగి, దీపం వెలుగులో తెల్లటి తునకలు రాలుతుండటం చూశారు. దానికి సముద్రపు మంచు అని పేరు పెట్టారు. మనకు మంచు అంటే తెల్లవారుజామున కప్పేసే పొగే గుర్తొస్తుంది కాబట్టి ఆ పేరు అంతగా అతకదు. కిటికీలోంచి పడే ఎండలో తేలే నలకలను తలచుకోండి, ఆ దృశ్యానికి అదే దగ్గర.

అన్నేళ్లూ ఇది ఎందుకు చిక్కలేదంటే, అది చేత్తో ముట్టుకుంటే చెదిరిపోతుంది. వలలో పడితే జిగురు నీళ్లే మిగులుతాయి. 1970లలో ఆలిస్ ఆల్‌డ్రెడ్జ్, మేరీ సిల్వర్ లాంటి శాస్త్రవేత్తలు స్వయంగా నీళ్లలోకి దిగి, తునకలను జాగ్రత్తగా సీసాల్లోకి పట్టారు. చచ్చిన ప్లవకాలు (నీళ్లలో తేలుతూ బతికే చిన్న జీవులు), మలం గుళికలు, కొన్ని జీవులు కట్టుకుని వదిలేసే జిగురు ఇళ్లు, వాటి మీద కాపురం పెట్టిన బ్యాక్టీరియా అన్నీ కలిసి ఒక ముద్ద. ముద్దకట్టాక దిగుడు వేగం రోజుకు పదుల నుంచి వంద మీటర్ల పైకి చేరుతుంది. వసంతంలో పైన ప్లవకాలు విరగకాస్తే, కొన్ని వారాల్లోనే కింద ఆకుపచ్చ నూగు పరుచుకుంటుందని ఈశాన్య అట్లాంటిక్ అడుగున తీసిన ఫొటోలు 1983లో చూపించాయి. చీకట్లో ఉన్నవాటికీ రుతువులున్నాయి!

ఆ తర్వాత ప్రశ్న తిండి నుంచి కార్బన్ మీదికి మళ్లింది. ఈ తునకల్లో ఉన్నది గాలిలోంచి వచ్చిన కార్బనే. చాలా భాగం దారిలోనే తినేయబడుతుంది. పైన తయారైనదాంట్లో లోతైన అడుగుకు చేరేది ఒక శాతం అటూ ఇటూ. ఇనుము చల్లి ప్లవకాలను పెంచితే గాలిలోని కార్బన్ కిందికి పోతుందా అని 2009లో భారత్, జర్మనీ కలిసి దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర పరీక్షించాయి. ప్రయోగం పేరు లోహాఫెక్స్, మన లోహమే. ప్లవకాలు పెరిగాయి, కానీ చిన్న రొయ్యల్లాంటి జీవులు వాటిని మేసేశాయి. కిందికి దిగింది బహు తక్కువ.

మన బంగాళాఖాతం కథ వేరు. 1980ల రెండో సగంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, హాంబర్గ్ విశ్వవిద్యాలయం కలిసి ముందు అరేబియా సముద్రంలో, తర్వాత బంగాళాఖాతంలో గరాటుల్లాంటి ఉచ్చులు వేలాడదీసి, రాలేదాన్ని పట్టి తూచాయి. వర్షాకాలంలో ఆ బరువు పెరిగింది. బంగాళాఖాతంలో తునకలతో పాటు గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ లాంటి నదులు తెచ్చే మట్టి కూడా ఉంది. ఏరుకు కొత్తనీరు వచ్చినప్పుడు పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేవారు, మట్టి ముద్దకట్టి అడుక్కి దిగేది. ఇక్కడ ప్లవకాల జిగురే చిల్లగింజ. తేడా ఏమిటంటే, మట్టి తన బరువుతో ఆ జిగురునూ లాక్కుపోతుంది. తునకలు గబగబా దిగిపోతే దారిలో కుళ్లేది తక్కువ, కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజనూ తక్కువ. నడిలోతుల్లో ఆక్సిజన్ అరేబియా సముద్రంలో దాదాపు సున్నాకు పడిపోతే, బంగాళాఖాతంలో కొద్దిగానైనా మిగిలి ఉండటానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఆ మట్టిని ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాలు మధ్యలోనే ఆపేస్తున్నాయి. కృష్ణ డెల్టాకు చేరే ఒండ్రు బాగా తగ్గింది, గోదావరిదీ అదే దారి. డెల్టా కోత గురించి మన దగ్గర చర్చ చాలానే జరిగింది. ఒడ్డుకు అవతల, కిలోమీటర్ల లోతుకు దిగే తునకలకు ఆ బరువు ఎంత తగ్గిందో తేలాలంటే ఉచ్చులు మళ్లీ ఏళ్ల తరబడి నీళ్లలో వేలాడాలి.