ఆన్‌లైన్ డిగ్రీకి ఉద్యోగం వస్తుందా? రిక్రూటర్‌గా నేను రోజూ వినే అపోహలు

"మేడమ్, నేను ఆన్‌లైన్‌లో ఎంబీఏ చేశాను. రెజ్యూమెలో ఆన్‌లైన్ అని రాయాలా, వద్దా?"

వారానికి రెండు మూడుసార్లయినా ఈ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వస్తుంది. హైదరాబాద్‌లో 13 ఏళ్లుగా ఐటీ కంపెనీలకీ, బ్యాంకుల బ్యాక్ ఆఫీసులకీ ఉద్యోగుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను. అడిగేవాళ్ల గొంతులో ఉండే భయం నాకు బాగా తెలుసు. పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రుళ్లు చదువుకుని సంపాదించిన డిగ్రీ ఎక్కడ చెల్లకుండా పోతుందోనన్న భయం అది. అందుకే ఇవన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఆన్‌లైన్ డిగ్రీ అసలు చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల మీద యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2020 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. వాటిలో 22వ నిబంధన ప్రకారం, గుర్తింపు ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ అదే పేరుతో కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానం. 2022 సెప్టెంబరులో ఇదే మాట మళ్లీ నోటీసుగా ఇచ్చింది.

ఇక్కడ "గుర్తింపు ఉన్న" అన్న మాటను చాలామంది పట్టించుకోరు. యూనివర్సిటీ పెద్దదైతే సరిపోదు. మీరు చేరే కోర్సుకి, మీరు చేరే సంవత్సరానికి ఆన్‌లైన్‌లో నడిపే అనుమతి ఉండాలి. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ జాబితా ఉంటుంది. ఫీజు కట్టే ముందే చూసుకుని, ఆ పేజీ ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి.

ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటి కోర్సులకు ఆన్‌లైన్ అనుమతే లేదు. పీహెచ్‌డీకీ లేదు. "దూరవిద్యలో బీటెక్ ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద తీర్పు చెప్పింది. 2001-05 మధ్య చేరినవాళ్లకు పరీక్ష రాసి డిగ్రీ నిలబెట్టుకునే అవకాశం ఇచ్చింది. తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. అప్పటికే ఆ డిగ్రీతో ప్రమోషన్లు తీసుకున్న వాళ్లున్నారు. పిల్లల చదువులు, ఇంటి లోన్లు నడుస్తున్న వయసులో ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఆలోచించండి.

అపోహ: రెజ్యూమెలో రాయకపోతే ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ వల్ల పోయిన ఉద్యోగాలు, డిగ్రీ ఆన్‌లైన్‌ది కావడం వల్ల పోయినవాటి కన్నా ఎక్కువని నా అనుభవం.

పోయినేడు నల్గొండ వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. నాలుగేళ్ల అనుభవం, చక్కగా మాట్లాడతాడు, మూడు రౌండ్లూ పాసయ్యాడు. ఆఫర్ లెటర్ కూడా చేతికొచ్చింది. జాయినింగ్‌కి వారం ముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్టు వచ్చింది. అప్లికేషన్ ఫారంలో ఎంబీఏ పక్కన "ఫుల్ టైమ్" అని టిక్ పెట్టాడు. యూనివర్సిటీ మాత్రం ఆన్‌లైన్ అని జవాబిచ్చింది.

అతన్ని పిలిపించాను. మార్క్స్ మెమో తెచ్చాడు. వెనక్కి తిప్పి చూపించాను. ఏ పద్ధతిలో చదివారో, ఎప్పుడు చేరారో, ఎప్పుడు పూర్తయిందో, పరీక్షా కేంద్రం ఎక్కడో అక్కడ ముద్రించి ఉంది. డిగ్రీకీ, మెమోలకీ వెనకవైపు ఈ వివరాలు వేయాలని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. ఆ అబ్బాయి అప్పటిదాకా ఆ కాగితం తిప్పి చూడనేలేదు.

"మేడమ్, ఆన్‌లైన్ అంటే తీసేస్తారని భయపడి అలా పెట్టాను" అన్నాడు. ఆ ఉద్యోగానికి ఫుల్ టైమ్ ఎంబీఏ కావాలన్న షరతే లేదు. ఉన్నది ఉన్నట్టు రాసుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. తప్పుడు సమాచారం ఇచ్చాడని కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకుంది. నేను ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మెమో సంగతి అలా ఉంచినా, తేదీలు పట్టించేస్తాయి. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మీరు బెంగళూరులో ఉద్యోగం చేసినట్టు ఉండి, అవే రెండేళ్లలో హైదరాబాద్‌లో ఫుల్ టైమ్ కోర్సు చదివినట్టు రాస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

అపోహ: కంపెనీలన్నీ ఆన్‌లైన్ డిగ్రీని చిన్నచూపు చూస్తాయి.

వాస్తవం: మీరు ఫ్రెషరా, అనుభవం ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. వేల సంఖ్యలో ఫ్రెషర్లను తీసుకునే డ్రైవ్‌లలో చాలాచోట్ల "ఫుల్ టైమ్ కోర్సులు మాత్రమే" అని ముందే రాస్తారు. అది వడపోత. మీ మార్కులు చూసే దాకా వ్యవహారం వెళ్లదు. యూజీసీ సమానం అన్నంత మాత్రాన ప్రైవేటు కంపెనీ షార్ట్‌లిస్ట్ చేయాలనేం లేదు. ఇంటర్ అయిపోయి, రోజూ కాలేజీకి వెళ్లే వీలున్న పిల్లలకు మొదటి డిగ్రీ రెగ్యులర్‌లోనే చేయమని చెప్తాను. ఇది కొందరికి నచ్చకపోవచ్చు, కానీ నేను చూస్తున్నది ఇదే.

రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక లెక్క మారుతుంది. అప్పుడు మేనేజర్ ముందు చూసేది మీరు చేసిన పని. డిగ్రీ రెండో వరసలోకి వెళ్తుంది. అయినా వాళ్ల మనసులో ఒక సందేహం ఉంటుంది: పరీక్ష నిజంగా ఈ మనిషే రాశారా, అసైన్‌మెంట్లు ఎవరు చేశారు? ఆ సందేహాన్ని ఇంటర్వ్యూలో మీరే తీర్చాలి.

తుని నుంచి వచ్చిన ఒకమ్మాయి దాన్ని ఎలా తీర్చిందో చెప్తాను. పగలు ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర ఎంట్రీలు వేస్తూ ఆన్‌లైన్‌లో బీకాం పూర్తి చేసింది. అకౌంట్స్ మేనేజర్ కాస్త అనుమానంగానే కూర్చున్నారు. జీఎస్టీ గురించి ఒక ప్రశ్న అడగ్గానే, ఆ అమ్మాయి నా టేబుల్ మీది తెల్ల కాగితం తీసుకుని రెండు నిలువు గడులు గీసింది. ఒకవైపు కంపెనీ కొనుగోళ్ల లెక్క రాసుకునే పర్చేజ్ రిజిస్టర్, ఇంకోవైపు సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లులు కనిపించే జీఎస్టీఆర్-2బీ. సప్లయర్ బిల్లు అప్‌లోడ్ చేయకపోతే ఏ వరసలో తేడా వస్తుందో, కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ ఎందుకు ఆగుతుందో, అతనికి ఫోన్ చేసి ఏం అడగాలో చెప్పుకుంటూ పోయింది. మేనేజర్ ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ తర్వాత డిగ్రీ గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.

అపోహ: దూరవిద్య, ఆన్‌లైన్ రెండూ ఒకటే.

వాస్తవం: నిబంధనల్లో రెండూ వేర్వేరు, అనుమతులూ వేర్వేరు. దూరవిద్య మనకు కొత్తేం కాదు. దూరవిద్య కోసమే పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో దేశంలో మొదటిది 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బీఆర్ అంబేద్కర్ పేరుతో ఉంది. జాతీయ స్థాయి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో వచ్చింది మూడేళ్ల తర్వాత, 1985లో. నలభై ఏళ్లకు పైగా మనవాళ్లు ఇలా చదువుకుంటున్నా "ఇంట్లో కూర్చుని చదివింది" అన్న చులకన ఇంకా వినిపిస్తుంటే నాకు బాధేస్తుంది.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీలో పాఠాలు ఆన్‌లైన్‌లోనే. క్విజ్‌లు, చివరి పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఐఐటీ పేరుతో పాటు ఈ పరీక్షల పద్ధతి వల్ల కూడా ఆ డిగ్రీ మీద నమ్మకం కలుగుతుంది. మీరు ఎంచుకునే కోర్సులో పరీక్ష ఎలా పెడతారో ముందే అడగండి.

అపోహ: కన్సల్టెన్సీ ద్వారా వెళ్తే త్వరగా పూర్తవుతుంది.

వాస్తవం: "పాత తేదీతో డిగ్రీ ఇప్పిస్తాం" అనేవాళ్లు అమ్ముతున్నది దొంగ కాగితం. "10 రోజుల్లో ఎంబీఏ" ప్రకటనల మీద 2024లో యూజీసీయే హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. కొడుకు డిగ్రీ కోసం ఒక ఏజెంటుకి 45,000 రూపాయలు క్యాష్‌గా ఇచ్చిన ఒక తల్లి నాకు ఫోన్ చేసింది. "రసీదు ఉందా అమ్మా?" అంటే, లేదంది. ఫీజు యూనివర్సిటీ ఖాతాలోకే కట్టండి. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరేవాళ్లు డీఈబీ (డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో) ఐడీ తీసుకోవాలి. ఆ ఊసే ఎత్తకుండా అడ్మిషన్ ఇస్తామంటే నమ్మకండి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. రాయండి. కోర్సు పేరు, యూనివర్సిటీ పేరు, పక్కన "ఆన్‌లైన్, ఉద్యోగం చేస్తూ పూర్తి చేశాను", కింద చేరిన, పూర్తయిన నెలలు. కొన్ని కంపెనీల ఫారాల్లో ఫుల్ టైమ్, పార్ట్ టైమ్, కరెస్పాండెన్స్ అని మూడే ఆప్షన్లు ఉంటాయి, ఆన్‌లైన్ ఉండదు. అలాంటప్పుడు మీకు తోచింది టిక్ పెట్టకండి. ఏది పెట్టాలో రిక్రూటర్‌కి మెయిల్ రాసి అడగండి, వచ్చిన జవాబును జాయినయ్యే దాకా డిలీట్ చేయకండి.