ఒకే గాలి, పది రెక్కలు

హ్యాంగ్ గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు; అది కింద పైలట్ వేలాడుతూ నడిపే పెద్ద రెక్క, అంతే. అందుకే ఎగిరినంతసేపూ అది తన చుట్టూ ఉన్న గాలిలో కిందికే జారుతుంటుంది, సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున. మరి క్లబ్ వాళ్లంతా బీచ్‌లో కలిసి ఎగిరే రోజున, ఇసుక దిబ్బ మీంచి లేచిన పైలట్ గంట గడిచినా దిగకుండా ఎలా తిరుగుతున్నాడు? అతను మీటరు దిగేలోపు, అతన్ని మోస్తున్న గాలి అంతకంటే ఎక్కువే పైకి లేస్తోంది. కిటుకంతా ఆ గాలిలోనే ఉంది.

పొద్దెక్కేకొద్దీ ఎండకు నేల తొందరగా కాగుతుంది. సముద్రం అలా కాగదు. నీరు వేడెక్కాలంటే చాలా వేడి కావాలి, పైగా ఆ వేడి అలలతో కలిసి లోతుకు పోతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం తీరాన మనకు తగిలే గాలి ఇదే. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది దీని నిలకడ. నేల మీద గాలి చెట్లకూ కట్టడాలకూ కొట్టుకుని సుడులు తిరుగుతుంది. సముద్రం మీద దానికి అలాంటి అడ్డేమీ ఉండదు. అందుకే తీరపు గాలిలో రెక్కకు కుదుపులు తక్కువ.

ఈ గాలి తీరం వెంట నిలిచిన దిబ్బకు ఎదురైతే, ముందుకు పోలేక పైకి మళ్లుతుంది. చిన్న లెక్క చూడండి. గంటకు 30 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. అందులో ఆరో వంతు పైకి మళ్లినా సెకనుకు 1.4 మీటర్లు వస్తుంది. గ్లైడర్ జారే ఒక మీటరు పోను 0.4 మీటరు మిగులు. నిమిషం తిరిగేసరికి 24 మీటర్లు! అయితే దిబ్బ ప్రభావం ఎత్తుతో పాటు తగ్గిపోతుంది. గాలి లేవడం, రెక్క జారడం సరిసమానమైన చోట గ్లైడర్ ఇక పైకి పోదు.

రైట్ సోదరులు 1900 నుంచి 1902 దాకా గ్లైడర్లతో ఓనమాలు దిద్దింది ఇలాంటి చోటే, అమెరికాలోని నార్త్ కరోలినా తీరపు దిబ్బల మీద. ఇంజన్ విమానం ఎగిరిన కొన్నేళ్లకు ఆర్విల్ రైట్ మళ్లీ అక్కడికి గ్లైడర్‌తో వెళ్లాడు. 1911 అక్టోబరు 24న 9 నిమిషాల 45 సెకన్లు గాలిలో నిలిచాడు. ఆ రికార్డు దాదాపు పదేళ్లు చెక్కుచెదరలేదు.

పైకి లేచే ఆ గాలి దిబ్బ ముందు పొడవాటి సన్నని పట్టీలా ఉంటుంది. సముద్రం వైపు బాగా ముందుకెళ్తే అది పట్టు వదిలేస్తుంది. దిబ్బ వెనక్కి వెళ్తే ఇంకా ప్రమాదం: శిఖరం దాటిన గాలి అక్కడ సుడి తిరుగుతూ కిందికి విరుచుకుపడుతుంది. పది గ్లైడర్లున్నా అందరికీ ఈ పట్టీయే దిక్కు. కలిసి ఎగరడమంటే దీన్ని పంచుకోవడమే.

అందుకే ఇక్కడి నియమాలు గాలి నుంచే పుట్టాయి. మలుపు ఎప్పుడూ సముద్రం వైపే తిప్పాలి. దిబ్బ వైపు తిప్పితే గాలి వీపున తోసి నేరుగా నేలకేసి కొడుతుంది. ఇద్దరు ఎదురైతే మామూలుగా ఎవరి కుడికి వాళ్లు తప్పుకోవాలి. కానీ దిబ్బ కుడివైపున ఉన్నవాడికి అటు చోటు లేదు. కాబట్టి దిబ్బ ఎడమవైపున ఉన్నవాడే దారి ఇవ్వాలి.

నా దృష్టిలో ఆ రోజు అన్నిటికంటే విలువైన పని నేల మీదే జరుగుతుంది. ఎగిరే ముందు ఒకరు గ్లైడర్ ముక్కు పట్టుకుంటే, పైలట్ హార్నెస్‌లో (తనను రెక్కకు వేలాడదీసే పట్టీల జోలెలో) పూర్తిగా వేలాడి చూసుకుంటాడు. కొక్కెం రెక్కకు తగిలిందా, లాక్ పడిందా, ఛాతీ, చేత్తో పట్టుకుని నడిపే బార్‌కు సరైన ఎత్తులో ఉందా అని. అనుభవమున్నవాళ్లు సైతం కొక్కెం తగిలించకుండానే పరుగెత్తి ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలున్నాయి. పక్కన ఇంకో జత కళ్లుంటే ఆ మరుపు దొరికిపోతుంది. గాలి గట్టిగా ఉన్నప్పుడు పక్క తీగలు పట్టుకుని రెక్కను నిలిపి ఉంచేదీ తోటివాళ్లే.

దిగేటప్పుడు ఇంకో సంగతి గుర్తుండాలి. నేలతో రాపిడి వల్ల కింది పొరల్లో గాలి నెమ్మదిస్తుంది. ఆ పొరలోకి దిగగానే రెక్క మీదుగా పోయే గాలి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ముందే బార్‌ను ఛాతీ వైపు లాక్కుని కాస్త ఎక్కువ వేగంతో వస్తారు. లేకపోతే చివరి కొద్ది మీటర్లలో రెక్క తేలడం మానేసి కూలబడుతుంది.

రెక్క మడిచే ముందు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తీగల చివర్ల బిగింపుల్లో చేరి లోలోపల తుప్పు పట్టిస్తుంది. గాల్లో రెక్క మీద పడే భారాన్ని మోసేవి ఆ తీగలే.