లండన్–బ్రైటన్ పాత కార్ల రన్: నన్ను తరచూ అడిగేవి, నేను చెప్పే వాస్తవాలు

నవంబరు మొదటి ఆదివారం. ఇంకా తెల్లవారదు. లండన్ హైడ్ పార్కులో వందల కార్లు బారులు తీరి ఉంటాయి, అన్నీ 1905కు ముందు తయారైనవే. వెలుతురు రాగానే ఒక్కొక్కటీ బయల్దేరి సుమారు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు నడిచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ చేరాలి. నేను ససెక్స్‌లో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ రన్‌కి బండ్లు సిద్ధం చేయడం, ఆ రోజు పక్క సీట్లో కూర్చుని వెళ్లడం నా పని. తెనాలిలో మావాళ్లు, ఇక్కడి తెలుగు స్నేహితులు ఎప్పుడు కలిసినా దీని గురించి అడుగుతుంటారు. చాలా ప్రశ్నల్లో ఏదో ఒక అపోహ ఉంటుంది.

అపోహ: ఇది రేసు. ముందు చేరినవాడు గెలిచినట్టు.

వాస్తవం: ఇందులో గెలుపోటములు లేవు. సగటు వేగం గంటకు 20 మైళ్లు దాటకూడదని నిబంధన. సాయంత్రం నాలుగున్నరలోపు చేరిన ప్రతి బండికీ ఒకటే పతకం.

అపోహ: కారు ముందు ఎర్రజెండా పట్టుకుని మనిషి నడవాలన్న చట్టం 1896లో రద్దయింది, ఆ సంబరమే ఈ రన్.

వాస్తవం: సగమే నిజం. ఎర్రజెండా నిబంధన 1865 చట్టంలోది. అది ట్రాక్షన్ ఇంజిన్లను, అంటే రోడ్డు మీద బరువులు లాగే ఆవిరి బండ్లను, దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం. బండికి 60 గజాల ముందు ఒక మనిషి జెండాతో నడవాలి. వేగం ఊళ్లో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు. 1878లోనే చట్టం సవరించి జెండా తప్పనిసరి కాదన్నారు. మనిషి నడవడం మాత్రం ఉంది, దూరం 20 గజాలకు తగ్గింది. 1896లో పోయింది ఆ మనిషి నడక. తేలికపాటి మోటారు బండ్లకు వేగం 14 మైళ్ల వరకు చట్టం ఒప్పుకుంది, కానీ అధికారులు దాన్ని 12కు కుదించారు. ఆ చట్టం అమల్లోకి వచ్చిన 1896 నవంబరు 14న హ్యారీ లాసన్ అనే వ్యాపారి మోటారు బండ్లను లండన్ నుంచి బ్రైటన్‌కు నడిపించాడు. బయల్దేరే ముందు టిఫిన్ దగ్గర లార్డ్ వించిల్సీ ఎర్రజెండా చింపాడు. ఇప్పటికీ రన్ మొదలయ్యే ముందు జెండా చింపుతారు. చట్టం ప్రకారం ఆ జెండా అప్పటికే 18 ఏళ్ల పాతదని తెలిసినా, ఆ గుడ్డ చిరిగే చప్పుడు వింటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

'అప్పటినుంచి ఏటా ఆగకుండా జరుగుతోంది' అన్నది దీనికి తోక అపోహ. 1927లో దీన్ని తిరిగి మొదలుపెట్టారు. 1930 నుంచి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ నడుపుతోంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, పెట్రోలు రేషన్ వల్ల 1947లో, కొవిడ్ వల్ల 2020లో జరగలేదు.

అపోహ: వెటరన్, వింటేజ్, క్లాసిక్, ఏ పేరైనా పాత కారే కదా.

వాస్తవం: బ్రిటన్‌లో ఈ మాటలకు హద్దులున్నాయి. 1919కి ముందువి వెటరన్, 1919 నుంచి 1930 వరకు వింటేజ్. క్లాసిక్ అన్నది ఆ తర్వాతి వాటికి వదులుగా వాడే మాట. బ్రైటన్ రన్‌కి 1905 జనవరి 1కి ముందు తయారై ఉండాలి. మన దేశంలో కొలత వేరు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉన్న కారైనా, టూవీలరైనా వింటేజే. రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు, తిరిగి చేయించడానికి 5,000. నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ర్యాలీకి, ప్రదర్శనకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీయొచ్చు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి, కిరాయికి కుదరదు. తాతగారి బండి ఉంది, రోడ్డెక్కిస్తే సీజ్ చేస్తారేమో అని టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

అపోహ: కారు నడపడం వచ్చినవాళ్లు ఎవరైనా వీటిని నడిపేయగలరు.

వాస్తవం: లైసెన్సు మామూలుదే చాలు. చెయ్యి మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. కర్వ్‌డ్ డాష్ ఓల్డ్స్‌మొబిల్‌కి స్టీరింగ్ చక్రమే ఉండదు, పడవ చుక్కానిలా ఒక కడ్డీ ఉంటుంది. ఆ కాలపు కార్లలో ముందు చక్రాలకు బ్రేకులు ఉండవు. కొన్నిటి బ్రేకు ముందుకు వెళ్తున్నప్పుడే పడుతుంది. ఎత్తు మీద బండి వెనక్కి జారడం మొదలైతే పట్టదు. అందుకని కింద ఒక ఊతకడ్డీ వేలాడుతుంటుంది, దాన్ని నేలకు దించితే గుచ్చుకుని బండి నిలుస్తుంది. ఘాట్‌లో లారీ క్లీనర్ దిగి వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టడం గుర్తుందా, ఇదీ అదే పని.

అన్నిటికంటే కష్టం స్టార్ట్ చేయడం. తెనాలిలో మా బాబాయి బుల్లెట్ మెకానిక్. "ఆమ్మీటరు ముల్లు మధ్యకు రానియ్యరా, అప్పుడు డీకంప్రెషన్ పట్టుకుని కొంచెం దించు, తర్వాత కొట్టు" అనేవాడు. లేకపోతే కిక్ రిటర్న్ కొట్టి కాలు పట్టేస్తుంది. హ్యాండిల్ తిప్పే కారులోనూ ప్రమాదం అదే. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు పిస్టన్ పైకి చేరేలోపే స్పార్క్ రావాలి. చేత్తో నిదానంగా తిప్పేటప్పుడు అలా ముందే వస్తే పేలుడు పిస్టన్‌ను వెనక్కి తంతుంది, హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. అందుకే స్పార్క్ ఆలస్యంగా వచ్చేలా లివరు పెట్టాకే హ్యాండిల్ ముట్టుకోవాలి. బొటనవేలు హ్యాండిల్‌కి అవతల చుట్టకూడదు, అయిదు వేళ్లూ ఒకే వైపు. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొయ్యకూడదు. నా మొదటి ఏడాది ఒక చలి ఉదయం 1903 నాటి ఒంటి సిలిండరు కారు దగ్గర లివరు సంగతి మరిచిపోయాను. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు హ్యాండిల్ ఇచ్చే ముందు లివరు ఎక్కడుందో నోటితో చెప్పమంటాను. చెప్పకపోతే ఇవ్వను.

అపోహ: కింద ఆయిల్ కారుతోందంటే ఇంజిన్ పోయినట్టే.

వాస్తవం: ఇప్పటి కారైతే కంగారు పడాలి. ఈ ఇంజిన్లు చాలావాటిలో ఆయిల్ తిరిగి ట్యాంకుకు రాదు. పని చేసి బయటికి పోవడమే దాని దారి. కొన్నిటిలో పక్కన కూర్చున్న మనిషి కొన్ని మైళ్లకోసారి చేతిపంపుతో ఆయిల్ కొట్టాలి. ఆ మనిషిని నేను. కబుర్లలో పడి మరిచిపోతే బేరింగ్ పట్టేస్తుంది. అందుకని దారిలో గుర్తులు పెట్టుకుంటాను: క్రాయ్‌డన్ దాటాక ఒకసారి, రెడ్‌హిల్ దగ్గర ఒకసారి, క్రాలీలో ఆగినప్పుడు ఇంకోసారి.

అపోహ: తొలి కార్లన్నీ పెట్రోలువే.

వాస్తవం: ఆవిరివి, కరెంటువి కూడా ఈ రన్‌లో వస్తాయి. 1896 నాటి రన్‌లో ఒక కరెంటు బండి రైల్లో బ్రైటన్ చేరి, ఒంటికి బురద పూసుకుని వచ్చిందని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

అపోహ: ఇంత విలువైన బండిని కవరు కప్పి షెడ్డులో ఉంచడమే క్షేమం.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించేది ఈ మాట. కదలకుండా ఉంచిన బండే ముందు పాడవుతుంది. క్లచ్‌కి వేసిన తోలు ఎండి బిర్రబిగుస్తుంది. చక్కగా దాచామనుకున్న కారుకు రెండేళ్ల తర్వాత కార్బురేటరు విప్పితే అడుగున పచ్చటి జిగురు కనిపిస్తుంది, అది ఆవిరైపోయిన పెట్రోలు మిగిల్చింది. ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఇ10, అంటే అందులో 10 శాతం వరకు ఇథనాల్. మన దేశంలో ఇప్పుడు ఇ20. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. కాబట్టి ఆపేసేటప్పుడు ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయండి, రబ్బరు పైపులు ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, నెలకోసారి వేడెక్కేదాకా నడపండి. ఊరికే స్టార్ట్ చేసి అయిదు నిమిషాల్లో ఆపితే లోపల తేమ మిగిలి ఇంకా చెడుపు చేస్తుంది.

అపోహ: దారిలో ఆగిపోతే పరువు పోయినట్టే.

వాస్తవం: ఏటా కొన్ని ఆగుతాయి. ఒక ఏడాది కక్‌ఫీల్డ్ దాటాక మా బండి శక్తి తగ్గి నిలిచిపోయింది. ఆ ఇంజిన్‌లో ఇన్‌లెట్ వాల్వును, అంటే గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే మూతను, తోసి తెరిచే క్యామ్ ఉండదు, పిస్టన్ కిందికి దిగుతూ పీల్చే గాలికే ఆ వాల్వు తెరుచుకుంటుంది. దాని స్ప్రింగ్ విరిగింది. మా దగ్గరున్న స్ప్రింగ్ మరీ గట్టిది. వెనక వస్తున్న ఇంకో కారువాళ్లు ఆగి, తమ డబ్బాలోంచి మెత్తటిది వెతికి ఇచ్చారు. చలికి వేళ్లు కొయ్యబారిపోతే వాళ్ల ఫ్లాస్కులోని టీ కప్పు పట్టుకుని వెచ్చబరచుకుంటూ బిగించాను. క్లేటన్ ఎత్తు దగ్గర నేను దిగి బండి వెనకే నడిచాను. నాలుగున్నరకు పది నిమిషాల ముందు చేరాం. ఆ రాత్రి షెడ్డుకు వెళ్లాక, మంచుకు ఇంజిన్ బ్లాకు పగలకుండా రేడియేటరు నీళ్లు వదిలి, ఆ స్ప్రింగ్‌లాంటివి రెండు కావాలని పుస్తకంలో రాసుకున్నాను. ఒకటి మాకు, ఒకటి వాళ్లకు తిరిగివ్వడానికి.