రాత్రి లెన్సులతో పిల్లల కళ్ళకు మంచా, చెడా? అపోహలు - వాస్తవాలు

రాత్రి పెట్టుకుని పొద్దున్నే తీసేసే ఆర్థో-కె లెన్సుల గురించి మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది సైటు మాయమైపోతుందనుకుంటారు. మిగతా సగం మంది కళ్ళు పోతాయేమోనని టెన్షన్ పడతారు.

అపోహ: కొన్నాళ్ళు వాడితే సైటు పూర్తిగా పోతుంది.

పోదు. ఈ గట్టి లెన్సు రాత్రంతా కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మధ్యభాగాన్ని కాస్త చదును చేస్తుంది, దాంతో పగలు అద్దాలు లేకుండానే కనిపిస్తుంది. ప్రధానంగా మారేది దాని పైపొర మందమే, అదీ దాదాపు 20 మైక్రాన్ల లోపే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాడటం మానేస్తే కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో కార్నియా పాత ఆకారానికి వచ్చేస్తుంది, దాంతో సైటూ తిరిగొస్తుంది.

అపోహ: అయితే ఇది కళ్ళజోడుకు బదులు, అంతే.

పెద్దవాళ్ళకైతే అంతే. పిల్లల్లో మాత్రం అసలు లాభం వేరే ఉంది. మైనస్ సైటు పెరగడమంటే కనుగుడ్డు పొడవు పెరగడమే. 6 నుంచి 10 ఏళ్ళ పిల్లల మీద హాంకాంగ్‌లో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్ళలో ఈ పెరుగుదల ఆర్థో-కె లెన్సులు వాడినవాళ్ళలో మామూలు అద్దాలవాళ్ళ కంటే 43 శాతం తక్కువగా కనిపించింది. అంటే వేగం తగ్గింది, ఆగలేదు. అందుకే చార్టులో అక్షరాలు బాగా చదివేస్తున్నా సరే, కంటి పొడవు కొలిపించమంటాను.

అపోహ: ఇన్ఫెక్షన్లు లెన్సు వల్లే వస్తాయి.

రిస్కు ఉంది, దాచను. అమెరికాలో 2013 నాటి లెక్క ప్రకారం ఏడాదికి 10,000 మంది పిల్లల్లో సుమారు 14 మందికి కార్నియా ఇన్ఫెక్షన్ వచ్చింది. అయితే లెక్కలోకి వచ్చిన కేసులే బాగా తక్కువ, కాబట్టి ఆ అంకెను రాతిగీతలా చూడకండి. నేను చూసే అసలు దోషి నీళ్ళు. చెకప్‌కి లెన్సు డబ్బా కూడా తెమ్మంటాను. మూత తీసి అడుగున వేలు పెడితే జారుతోందంటే, లోపల సూక్ష్మజీవుల పొర పట్టి ఉండొచ్చు; దాన్ని కుళాయి కింద కడుగుతున్నారా అని అడుగుతాను. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది కార్నియాలో చేరితే నెలల తరబడి మందులు వాడాలి. ఫిల్టర్ నీళ్ళు, కాచి చల్లార్చిన నీళ్ళు కూడా వద్దు. చేతులు కడిగాక తడి పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోవాలి.

అపోహ: పొద్దున లెన్సు అతుక్కుంటే గట్టిగా లాగెయ్యాలి.

అస్సలు వద్దు! పైపొర గీసుకుపోతుంది. కన్ను తడిపే చుక్కలు వేసి కాసేపు ఆగండి. పైకి చూడమని, కింది రెప్ప అంచును మెల్లగా నొక్కండి. రెప్ప ఆర్పినప్పుడు లెన్సు కదిలితేనే తీయండి.

ఎర్రబడినా, నొప్పున్నా, వెలుతురు చూడలేకపోతున్నా లెన్సు తీసేసి అదే రోజు డాక్టరుకు చూపించండి. కళ్ళకలకేమోనని రెండ్రోజులు ఆగొద్దు. జ్వరమొచ్చిన రాత్రి కూడా మానేయొచ్చు, మర్నాడు కాస్త మసకగా ఉంటుందంతే.