నూనె లేని మర్దన

ఫిజియోథెరపిస్టు అమ్మాయి నా ఎడమ చీలమండ కింద చిన్న దిండు పెట్టి, వేలికి కాస్త టాల్కం పౌడరు అద్దుకుంది. "నూనె రాయరా?" అని అడిగాను. "రాస్తే వేలు జారిపోతుందండి. నా వేలూ మీ చర్మమూ కలిసి కదలాలి. అప్పుడే ఒత్తిడి లోపలున్న లిగమెంటు దాకా, అంటే ఎముకలను కలిపి ఉంచే కట్టు దాకా వెళ్తుంది" అంది. చీలమండ బయటి ఎముకకు కొంచెం ముందు, కొంచెం కిందుగా, బొటనవేలి గోరంత చోటు. చూపుడు వేలి మీద మధ్య వేలు ఆనించి, ఆ చోట లిగమెంటు పోగులకు అడ్డంగా, అర అంగుళం కూడా దాటకుండా అటూ ఇటూ కదపసాగింది. మొదటి నిమిషం పళ్లు బిగబట్టాను. రెండో నిమిషానికి ఆ నొప్పి మొద్దుబారింది. "ఇప్పుడు పదికి ఎంత నొప్పి?" అని మధ్యమధ్యలో అడుగుతూనే ఉంది. ఐదు దాటిందంటే వేలు తేలిక చేసేది.

మర్దన అంటే ఆముదమో నువ్వుల నూనో గోరువెచ్చగా కాచి, అరచేత్తో పైనుంచి కిందికి పట్టించడమేనని పుట్టినప్పటి నుంచి అనుకున్నవాడిని. అంతకు నాలుగు వారాల కిందట కూడా అదే జరిగింది. వాన వెలిసిన సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలో మురుగు కాలువ మీది బండ కదిలి, నా పాదం లోపలికి మడతపడింది. ఇల్లు చేరేసరికి చీలమండ కోడిగుడ్డంత ఉబ్బింది. మా పెద్దమ్మ ఆముదం కాచి, నా కాలు ఒళ్లో పెట్టుకుని గంటసేపు గట్టిగా రుద్దింది. ఎంతో ప్రేమతో రుద్దింది. తెల్లవారేసరికి వాపు పిక్క దాకా పాకి, చర్మం నీలంగా కమిలి, చెప్పులో కాలు పట్టలేదు. రెండుసార్లూ నా కాలి మీద పడింది మనిషి చేతి ఒత్తిడే. అయినా మొదటిది గాయాన్ని పెంచింది, రెండోది కోలుకోవడానికి సాయపడింది. ఎందుకిలా జరిగిందో తెలుసుకోవాలని మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం.

కాలు బెణికినప్పుడు లిగమెంటు పోగులు కొన్ని తెగుతాయి. వాటితో పాటు సన్నని రక్తనాళాలూ తెగుతాయి. రక్తమూ ద్రవమూ ఆ చుట్టూ చేరతాయి. తెల్ల రక్తకణాలు వచ్చి చితికిన కణజాలాన్ని శుభ్రం చేయడం మొదలుపెడతాయి. మనం భయపడే వాపూ వేడీ ఆ పని నడుస్తోందనడానికి గుర్తులే. ఆ గంటల్లో తెగిన నాళాల నోళ్లు గడ్డకట్టిన రక్తంతో అప్పుడప్పుడే మూసుకుంటూ ఉంటాయి. గట్టిగా రుద్దితే ఆ మూతలు ఊడి మళ్లీ రక్తం కారుతుంది. వేడి నూనె నాళాలను వెడల్పు చేసి దానికి తోడవుతుంది. అందుకే మొదటి 48 నుంచి 72 గంటల దాకా గాయం మీద మర్దన, కాపడం రెండూ వద్దంటారు. కాలు ఎత్తులో పెట్టుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు కాలివేళ్లు ఆడిస్తూ ఉంటే అప్పటికి చాలు.

అన్నిటికన్నా ముందు ఎముక విరిగిందేమో చూసుకోవాలి. దీనికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ఒక తేలికైన పరీక్ష చెప్పారు. చీలమండకు రెండు పక్కలా పొడుచుకువచ్చే ఎముకల వెనక అంచున గానీ కొసన గానీ నొక్కితే నొప్పి పుట్టినా, దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రికి చేరాక కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నేను కుంటుతూనే ఆ నాలుగు అడుగులూ వేశాను.

నాలుగైదు రోజులు గడిచాక శరీరం తెగిన చోట కొల్లాజెన్ అనే పోగుల ప్రోటీనును పేరుస్తుంది. తొందరలో వేసిన అతుకు కాబట్టి అందులో బలం తక్కువ. గుంటూరు ప్రాంతంలో పత్తి ఎరగనివారు ఉండరు గనుక ఇలా చెబుతాను: ఆ అతుకు ఏకిన దూది లాంటిది. పోగులు అన్ని దిక్కులకూ పడి ఉంటాయి, కాస్త లాగితే విడిపోతాయి. అది పేనిన తాడు కావాలంటే పోగులన్నీ ఒక దిక్కుకు తిరగాలి. సుమారు మూడో వారం నుంచి శరీరం పాత పోగులను తీసేస్తూ గట్టి రకం కొల్లాజెన్ పెడుతూ ఆ పని చేస్తుంది. ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా సాగుతుంది. పోగులకు దిక్కు చూపేది ఆ కీలు మీద మనం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే బరువూ కదలికానే. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే చాలామంది నెలల తరబడి కాలు కదపకుండా కూర్చునేవారు కాదు.

ఇందులో మర్దన పాత్ర ఏమిటి? నాకు చేసిన అడ్డరాపిడి పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు జేమ్స్ సిరియాక్స్. పోగులకు అడ్డంగా కదిపితే అతుకు పక్క కణజాలానికి అంటుకుపోదని ఆయన వాదం. వినడానికి బాగుంది. కానీ మోచేతి, మోకాలి స్నాయువుల (కండరాన్ని ఎముకకు అతికే పోగుల) నొప్పికి ఈ పద్ధతి పనిచేస్తుందని చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవని, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కొక్రేన్ సంస్థ సమీక్ష 2014లో తేల్చింది. నాకు ఉపశమనం దొరికిన మాట నిజం. అంటుకున్న పోగులు విడిపోయినందువల్లే దొరికిందని మాత్రం నేను అనను.

మర్దన గురించి మనం వినే మాటల్లో చాలా వాటికి ఇదే గతి. నరం మీద నరం ఎక్కిందని, దాన్ని దించాలని అంటారు. నరాలు అలా ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు. అక్కడ బిగుసుకుని ఉండేది కండరం. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం మర్దనతో బయటికి పోతుందని ఇంకొక మాట. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2012లో దీన్ని నేరుగా పరీక్షించారు. పదకొండు మంది యువకుల చేత అలసి సొలసిపోయే దాకా సైకిలు తొక్కించి, ఒక కాలికి మాత్రం పది నిమిషాలు మర్దన చేసి, రెండు కాళ్ల నుంచీ కండరం ముక్కలు తీసి చూశారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా లేదు. అయితే మర్దన చేసిన కాలిలో వాపును రేపే రసాయన సంకేతాలు తగ్గాయి, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలను పెంచే సంకేతం పెరిగింది. 2021లో హార్వర్డ్ పరిశోధకులు గాయపడ్డ ఎలుకల కాళ్లను చిన్న యంత్రంతో లయబద్ధంగా నొక్కినప్పుడు, పని ముగిసినా అక్కడే తిష్ఠవేసుకునే ఒక రకం తెల్ల రక్తకణాలు త్వరగా తొలగిపోయాయి. రెండు వారాలకు ఆ కండరాలు మర్దన లేనివాటి కన్నా బలంగా కోలుకున్నాయి. ఎలుక కాలూ మనిషి కాలూ ఒకటి కావు. అయినా ఒత్తిడి అనేది కణాలకు అర్థమయ్యే భాషేనని ఈ రెండు ప్రయోగాలూ చెబుతున్నాయి.

అంతకన్నా పెద్ద ప్రభావం నాడుల ద్వారా కలుగుతుంది. ఇది మా ఊరి మిర్చి యార్డులో బాగా అర్థమైంది. సీజనులో అక్కడ అడుగు పెడితే ముందు తుమ్ము వస్తుంది, ఆ వెంటనే కళ్లు మండుతాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, టిక్కీల (మిర్చి బస్తాల) వరుసకు ఆనుకుని కూర్చున్న ఒక హమాలీకి వెనక నుంచి తోటివాడు భుజం పిసుకుతున్నాడు. మెడా భుజమూ కలిసే చోట బొటనవేలు ఆనించి, ఆగి, మళ్లీ ఆనించి. "అక్కడే బావా, ఇంకాస్త కిందికి" అంటున్నాడు ఇతను, కళ్లు మూసుకుని. నలభై కిలోల పైచిలుకు టిక్కీని పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఎత్తుకున్నాడో ఆ భుజానికే తెలియాలి.

ఆ ఇద్దరి చుట్టూ ఉన్న కారమూ, ఆ బొటనవేలి ఒత్తిడీ కలిసి ఒక నోబెల్ బహుమతి. మిరపలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ నాడీకణం పొరలోని ఏ ద్వారం గుండా నాడిలో మంట పుట్టిస్తుందో డేవిడ్ జూలియస్ 1997లో కనిపెట్టారు. సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకునేదీ ఆ ద్వారమే. అందుకే కారం మనకు 'మండుతుంది'. ఒత్తిడిని పసిగట్టే ద్వారాల కోసం ఆర్డెమ్ పటపూటియన్ బృందం కణాలను సన్నని గాజు మొనతో పొడుస్తూ, 72 జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి చూసి, 2010లో పీజో అనే ద్వారాన్ని పట్టుకుంది. 2021 వైద్య నోబెల్ ఈ ఇద్దరికీ వచ్చింది. స్పర్శ వార్త లావు నాడీ పోగుల మీద వేగంగా వెళ్తుంది. నొప్పి వార్తలో ఎక్కువ భాగం సన్నని పోగుల మీద నింపాదిగా వెళ్తుంది. వెన్నుపాములో రెండూ కలిసే చోట స్పర్శ వార్త నొప్పిని అడ్డుకుంటుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధనలు దానికి చాలా మెరుగులు దిద్దాయి గాని, మూలం నిలిచింది. గుమ్మానికి కొట్టుకున్న మోకాలిని మనం వెంటనే చేత్తో రుద్దుకోవడం ఇందుకే.

నొప్పి తగ్గిందని వెన్నుపాము నమ్మితే, గాయానికి కాపలాగా బిగుసుకున్న కండరం సడలుతుంది. ఎంత నొప్పి పెడితే అంత మంచిదనే నమ్మకం ఇక్కడే తప్పుతుంది. ఓర్చుకోలేనంతగా నొక్కితే కండరం ఇంకా బిగుస్తుంది. నా నొప్పి ఐదు దాటగానే ఆ అమ్మాయి వేలు తేలిక చేసింది అందుకే.

ఈ ఉపశమనం ఎంతోసేపు నిలవదు. నడుము నొప్పికి మర్దన మీద జరిగిన 25 పరీక్షలను 2015లో కొక్రేన్ పరిశీలిస్తే, కొద్దికాలం మేలు కనిపించింది, ఆ ఆధారాల నాణ్యత కూడా తక్కువేనని తేలింది. కాబట్టి నొప్పి తగ్గిన ఆ అరగంటలో ఏం చేస్తామన్నదే అసలు విషయం. నాచేత ఆ అరగంటలో వ్యాయామాలు చేయించారు. యార్డులో ఆ హమాలీ అరగంట తర్వాత మళ్లీ టిక్కీ ఎత్తాడు. దూది తాడు కావడానికి వారాలు కావాలి, అతనికి అన్ని రోజుల కూలి వదులుకునే వీలు లేదు. నన్ను బాధపెట్టేది అదే. భుజం బాగుపడటానికి కావలసిన విశ్రాంతికీ కూలి దొరికే ఏర్పాటు ఉంటే, తోటివాడి బొటనవేలు చేసే మేలు నిలబడేది.

మర్దన అసలే చేయకూడని సందర్భం ఒకటి ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ఆపరేషన్ అయ్యాక, పిండికట్టు వేసుకుని ఉన్నప్పుడు, సుదీర్ఘ ప్రయాణం తర్వాత ఒక కాలి పిక్క మాత్రమే ఉబ్బి, వెచ్చగా, నొప్పిగా ఉంటే అది లోతైన సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. నూనె సీసా పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కబడ్డీలో తొడకు బలమైన దెబ్బ తగిలిన పిల్లలకు కూడా తొలి రోజుల్లో గట్టి మర్దన వద్దు. కమిలిన కండరంలో ఎముక లాంటి గట్టిదనం ఏర్పడే ప్రమాదం ఉంది. గూడు జారిన భుజాన్ని ఇంట్లో లాగి పెట్టడానికి ప్రయత్నించకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఆరో వారం నుంచి ఆ అమ్మాయి నా కాలు పట్టుకోవడమే మానేసింది. "ఇక చేతులతో పని లేదండి, నిలబడండి" అంది. గోడ పక్కన ఎడమ కాలి మీద ఒంటికాలితో నిలబడి, కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టాలి. బెణికిన చీలమండ తాను ఎక్కడ, ఏ కోణంలో ఉన్నదీ మెదడుకు సరిగా చెప్పలేదట. అలా చెప్పడానికీ పీజో ద్వారాలే కావాలి. అది మళ్లీ అలవడకపోతే ఇంకో కాలువ బండ దగ్గర అదే కాలు మళ్లీ బెణుకుతుంది. మొదటి రోజు ఏడు లెక్కపెట్టేసరికి తూలి గోడ పట్టుకున్నాను. మా పెద్దమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని నాతో పాటు పైకి లెక్కపెడుతుంది. నిన్న ఇరవై ఎనిమిది దాకా వచ్చాం.