గాలి పడని నానోపొరలు: ద్రవంలో నిలవ సమస్య ఎక్కడ మొదలైంది?

పొరలు పొరలుగా పేర్చినట్టుండే స్ఫటికాన్ని ద్రవంలోనే అతి పలుచని నానోపొరలుగా విడదీయడం పాత విద్యే. 1986లో మాలిబ్డినం డైసల్ఫైడ్ పొరల మధ్యకు బ్యూటైల్ లిథియంతో లిథియం ఎక్కించి, నీళ్లలో వేసి ఒంటి పొరలు తీశారు. లిథియం, నీరు కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ పొరలను విడగొడుతుంది. 2008లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ బృందం గ్రాఫైట్‌ను ఎన్‌ఎంపీ అనే సేంద్రియ ద్రావణిలో అతిధ్వనితో విడదీసింది. 2011 నాటికి బోరాన్ నైట్రైడ్, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ కూడా ఆ దారిలోకి వచ్చాయి. ఇవేవీ గాలికి అంత తేలిగ్గా చెడేవి కావు. అందువల్ల ద్రవంలో విడదీసే పని చాలావరకు మూతలేని బీకర్లలోనే స్థిరపడింది. గాలికి చెడే పదార్థాల వంతు వచ్చాక చిక్కు అక్కడే మొదలైంది.

అలాంటిదే నల్ల భాస్వరం, పొరలుగా ఉండే భాస్వర రూపం. దాన్ని అమెరికా భౌతిక శాస్త్రవేత్త బ్రిడ్జ్‌మన్ 1914లోనే 200 డిగ్రీల వేడిలో, దాదాపు 12,000 వాతావరణాల ఒత్తిడిలో తయారుచేశాడు. వందేళ్ల తర్వాత, 2014లో, దాని పలుచని పొరలతో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ఆ పొరలను బయట పెడితే గంటల్లో పైన చెమట బిందువుల్లాంటి ఉబ్బులు లేచేవి. ఏర్పడ్డ ఆక్సైడు తేమను పీల్చి ఫాస్ఫారిక్ ఆమ్లంగా మారుతోందన్నమాట. ఆక్సిజన్, నీరు, వెలుతురు మూడూ కలిసినప్పుడే ఈ క్షయం వేగంగా సాగుతుందని, పొర పలుచనయ్యే కొద్దీ ఇంకా ముదురుతుందని 2015లో మాంట్రియల్ పరిశోధకులు చూపించారు.

ద్రవంలో తీసేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. 25 డిగ్రీల వద్ద గాలి తగిలే నీటిలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది, చాలా సేంద్రియ ద్రావణుల్లో అంతకంటే ఎక్కువ. అతిధ్వని కడ్డీ ద్రవాన్ని కలియబెడుతూ కొత్త గాలిని లోపలికి లాగుతుంది, వేడినీ పుట్టిస్తుంది. అందుకే నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం 2015లో కడ్డీని మూసిన పాత్రలోకి దించి, గాలి తగలకుండా ఎన్‌ఎంపీలో పొరలు తీసింది. ద్రావణిని గడ్డకట్టించి, శూన్యం లాగి, కరిగించడం మూడుసార్లు చేస్తే ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. ఆర్గాన్ బుడగలు పంపడం తేలికే కానీ అంత పూర్తిగా పనిచేయదు. ఇంత చేసి, తర్వాత సెంట్రిఫ్యూజ్ గొట్టాల్లోకి బయట గాలిలో ఒంపితే శ్రమంతా వృథా. గాలి చొరని, చేతి తొడుగులు అమర్చిన గ్లవ్‌బాక్స్‌లోనే నింపి మూత బిగించాలి. ఎన్‌ఎంపీ సుమారు 202 డిగ్రీల దగ్గర మరుగుతుంది గనుక పూత ఆరాక కూడా ఆనవాళ్లు మిగులుతాయి. 2016లో అదే బృందం ఆక్సిజన్ తీసేసిన నీటిలో, సబ్బులాంటి ఎస్‌డీఎస్‌తో పని కానిచ్చింది. ఆక్సిజన్ లేకపోతే నల్ల భాస్వరానికి నీటి వల్ల అంత ముప్పు లేదని దాంతో తేలింది.

మ్యాక్సీన్లు, అంటే టైటానియం లాంటి లోహాల కార్బైడ్ నానోపొరల దగ్గరికొస్తే ఈ లెక్క తిరగబడింది. 2011లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో టైటానియం అల్యూమినియం కార్బైడ్ నుంచి అల్యూమినియాన్ని కరిగించి టైటానియం కార్బైడ్ పొరలు తీశారు. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఒకటి: 20 మిల్లీలీటర్ల 9 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 1.6 గ్రాముల లిథియం ఫ్లోరైడ్ కరిగించి, 1 గ్రాము టైటానియం అల్యూమినియం కార్బైడ్ పొడిని కొద్దికొద్దిగా వేసి, 35 డిగ్రీల వద్ద 24 గంటలు కలపాలి. ఆపై పీహెచ్ 6 దగ్గరికి వచ్చేదాకా నీటితో కడగాలి. పొడి ఒక్కసారిగా పోస్తే పొంగుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అందులోనే పుడుతుంది కనుక ఆ ఆమ్లం కాల్చిన చోట పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉండాలి.

ఇలా వచ్చిన ముదురు రంగు ద్రవం మూతలేని సీసాలో రెండు వారాల్లో తెల్లబారి టైటానియం డయాక్సైడ్ అయిపోతుందని 2017లో నమోదైంది. అప్పట్లో నింద ఆక్సిజన్ మీదే పడింది. కానీ ఆర్గాన్ నింపిన నీటిలోనూ పొరలు పాడవుతాయని, ఐసోప్రొపనాల్‌లో మాత్రం ఆక్సిజన్ ఉన్నా నిలుస్తాయని 2019లో తేలింది. అంటే ఇక్కడ ప్రధాన శత్రువు నీరే, జరిగేది జలవిశ్లేషణ, అంటే నీటితో చర్య జరిగి పదార్థం విడిపోవడం. అంచుల్లో, లోపాల దగ్గర మొదలవుతుంది. అంచులను పాలీఫాస్ఫేట్లతో కప్పడం, సోడియం ఆస్కార్బేట్ కలపడం అదే ఏడాది ప్రతిపాదించారు. 2021లో డ్రెక్సెల్ బృందం అసలు మూలానికే వెళ్లింది. అల్యూమినియం ఎక్కువగా వేసి లోపాలు తక్కువున్న ముడి స్ఫటికం చేస్తే, నీటిలోనే పది నెలలకు పైగా నిలిచింది. మా దృష్టిలో మందులు కలపడం కంటే ఇదే గట్టి పరిష్కారం. కలిపినవి పూతలో మిగిలి విద్యుత్ వాహకతను దెబ్బతీయగలవు.

నిలవకు గాఢమైన మ్యాక్సీన్ ద్రవాన్ని చిన్న సీసాల్లో పంచి, పైన ఖాళీ తక్కువ ఉంచి, ఆర్గాన్‌తో మూసి చీకటిలో 5 డిగ్రీల దగ్గర పెట్టాలి. గడ్డకట్టిస్తే క్షయం మరింత నెమ్మదిస్తుంది, కానీ ఒకే సీసాను పదే పదే కరిగిస్తే పొరలు ముద్దకట్టే ప్రమాదం ఉంది. చెడిందా లేదా తెలియడానికి మ్యాక్సీన్‌కు 780 నానోమీటర్ల దగ్గరి శోషణ శిఖరం, అంటే ఆ తరంగదైర్ఘ్యపు కాంతిని ద్రవం పీల్చుకునే మోతాదు, తగ్గుతోందేమో చూడాలి. నీటిలోని నల్ల భాస్వరానికి పీహెచ్ పడిపోవడమే తొలి సూచన.